సినిమాలో లేని నవ్వు

సినిమా చూసిన వాళ్ళందరూ ఒకటే మాట. హీరో మధుకుమార్ నటించలేదట, బతికాడట. సినిమా మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి కూడా నవ్వలేదట, అదే గొప్పట. పేపర్లో రాశారు, టీవీలో చెప్పారు. వై.ఎన్.హొసకోట బస్టాండులో బజ్జీలు వేసే ఆంజనప్ప కూడా నన్ను ఆపి మరీ చెప్పాడు.

"మొగం సూస్తే సాలు సవితక్కా, అచ్చం మన ఓబులేశే."

అచ్చం మన ఓబులేశట! నవ్వని ఓబులేశు వీళ్ళందరికీ ఎక్కడ పరిచయమయ్యాడో గానీ, నాకైతే అలాంటి మనిషి తెలియదు.

ఓబులేశు నా మొగుడు. వల్లూరులో మా ఇల్లు. సోలార్ పార్కులో గార్డుగా చేసేవాడు. రాగి వైర్లు కోసుకుపోవడానికి వచ్చిన దొంగలకు అడ్డం వెళ్ళి వాళ్ళ చేతుల్లో చచ్చిపోయాడు. వాళ్ళు దొరికారు, జైలుకు పోయారు, ఆ కథ మీద సినిమా కూడా వచ్చింది. లోకం దృష్టిలో అంతటితో అన్నీ సరిపోయాయి. నా గోడు వేరే.

నా మొగుడి ఫోటో ఒక్కదాంట్లోనూ నవ్వు లేదు. దానికి కారణం పళ్ళు. మా తాలూకా బోరునీళ్ళు తాగి పెరిగిన మా ఈడు వాళ్ళ పళ్ళకు గార పట్టి, ఇటుక రంగుకు తిరిగి ఉంటాయి. ఇప్పటి పిల్లలకు ఫిల్టర్ నీళ్ళు వచ్చాయి, మాకు ఆ అదృష్టం లేదు. ఓబులేశుకు తన పళ్ళంటే చెడ్డ సిగ్గు. పెళ్ళి ఫోటోలో కూడా మూతి బిగించుకుని, ఎవరో పట్టుకొచ్చి కూర్చోబెట్టినట్టు ఉంటాడు. నేను ఫోన్ ఎత్తితే చాలు, చెయ్యి మూతికి అడ్డం పెట్టేసేవాడు. ఇంట్లో నేనూ వాళ్ళమ్మా తప్ప ఎవరూ లేనప్పుడు చూడాలి ఆ మనిషిని. తల వెనక్కి వేసి, ఆ గారపళ్ళన్నీ బయటపెట్టి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వేవాడు. ఎందుకు నవ్వుతున్నాడో తెలియకుండానే మా అత్తా నేనూ కూడా నవ్వేవాళ్ళం. సినిమా వాళ్ళు వచ్చేనాటికి పోయి మూడేళ్ళయింది. నడక గుర్తుంది, మాట గుర్తుంది, చొక్కా వాసన కూడా గుర్తుంది. ఆ నవ్వే ముఖం మాత్రం నాకు కనపడకుండా పోతోంది. కళ్ళు మూసుకుంటే గోడమీది ఫోటోలోని ముఖమే వస్తుంది, మూతి బిగించుకుని. ఆ ఫోటో రోజుకింత చొప్పున నా మొగుణ్ణి తినేస్తోందని నాకు భయంగా ఉండేది.

బెంగుళూరు నుంచి సినిమా వాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళను గుమ్మం బయటే నిలబెట్టాను. డైరెక్టరు గోపికృష్ణ టోపీ పెట్టుకుని, ఆసుపత్రిలో మాట్లాడినట్టు మెల్లగా కన్నడంలో మాట్లాడాడు. పక్కన హీరో. తెల్లగా, నున్నగా, అప్పుడే స్నానం చేయించి తెచ్చిన చంటిపిల్లాడిలా ఉన్నాడు. నా మొగుడి వేషం వేసేది వీడేనని చెప్పేసరికి నాకు ఒళ్ళు మండింది.

"ఏందప్పా, మీ బెంగుళూర్లో గార్డులు ఇట్లే ఉంటారా?" అన్నాను.

అతను నవ్వాడు. మల్లెమొగ్గల్లాంటి పళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడుతారట, బెంగుళూరు తెలుగులోనే జవాబిచ్చాడు. "మారతానక్కా. మారలేదంటే అప్పుడు తిట్టు."

సినిమా వాళ్ళ మాటలు మనకు తెలియనివా అనుకున్నాను. కానీ మారాడు. మా ఊళ్ళో ఓబళప్ప అంగడి వెనక గదిలో అద్దెకు దిగి, గార్డులతో కలిసి ఎండలో తిరిగాడు. సంగటి, ఉలవచారు తప్ప వేరేది ముట్టలేదు. బుగ్గలు పోయాయి, రంగు పోయింది, కణతల దగ్గర ఎముకలు తేలాయి. రోజూ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని ఓబులేశు గురించి అడిగేవాడు. మొదట్లో ముక్తసరిగా చెప్పేదాన్ని. తరువాత అతను అడగకపోయినా చెప్పడం మొదలుపెట్టాను. మూడేళ్ళుగా ఆ పేరు ఎత్తితే జనం మాట మార్చేవాళ్ళు. వినే మనిషి దొరికితే నోరు ఊరుకుంటుందా?

మా చెనక్కాయ చేను ఆ పార్కులోనే కలిసిపోయింది. సోలారు పలకల్ని మేం ప్లేట్లంటాం. ఏ ప్లేట్ల వరుస కింద తన చేను గట్టు ఉందో ఓబులేశుకు తెలుసు. డ్యూటీలో తిరుగుతూ అక్కడికి వచ్చేసరికి నడక నెమ్మదయ్యేది, కర్ర చంకలోకి పోయేది, చేనులో నడిచినట్టు చూసి చూసి అడుగు వేసేవాడు. ఈ సంగతి చెప్పిన మర్నాడు నేను పార్కులో కూలికి ప్లేట్లు కడుగుతుండగా మధుకుమార్ ఆ వరుసలో నడిచి వెళ్ళాడు. నా చేతిలో పైపు నుంచి నీళ్ళు అలాగే కారిపోతున్నాయి. ప్లేట్లు వదిలేసి కాళ్ళు తడుపుకుంటున్నానని మేస్త్రీ నన్ను కేకలేశాడు.

ఇంకొక సాయంత్రం జరిగింది అంతకన్నా ఘోరం. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు ఓబులేశు సందు మలుపులో ఒక దగ్గు దగ్గేవాడు. అది వినగానే మా అత్త దాసమ్మ లేచి గడియ తీసేది. అదీ నేనే చెప్పాను మధుకుమార్‌కు. ఆ రోజు మా అత్త తలుపు వేసుకుని ఒళ్ళో చెనక్కాయలు పోసుకుని ఒలుస్తోంది. సందులో దగ్గు వినిపించింది. ఆమె దిగ్గున లేచింది. ఒళ్ళోని కాయలన్నీ నేలపాలయ్యాయి. గడియ తీసింది. ఎదురుగా యూనిఫాంలో మధుకుమార్. అతను ఆమె ముఖం చూసి, తను ఏం చేశాడో అప్పుడు తెలిసినట్టు బిగుసుకుపోయాడు. నేను తిట్టడానికి నోరు తెరిచేలోగా మా అత్తే మాట్లాడింది.

"నిలబడినావేమప్పా, రా. కాల్లు కడుక్కో."

ఆ రోజు నుంచి ఆ పిల్లాడికి సంగటి ముద్ద ఆమే పెట్టేది. రెండో ముద్ద వద్దంటే ఊరుకునేది కాదు. నాకు కోపంగా ఉండేది, ఎవరి మీదో తెలియదు. అతను రాని సాయంత్రం అంతకు రెట్టింపు కోపం వచ్చేది.

షూటింగ్ మొదలయ్యాక ఒకరోజు గోపికృష్ణను అడిగాను, నా మొగుడు నవ్వే సీను ఎప్పుడు తీస్తారని. అలాంటి సీను లేదన్నాడు. ఇది సీరియస్ సినిమా, చావు మొదటి నుంచీ అతని ముఖంలో కనపడాలి, నవ్వితే ఆ బరువు పోతుందని కన్నడంలో నెమ్మదిగా నచ్చజెప్పాడు.

"యాలప్పా, సచ్చేది ముందే తెలుసునా వానికి? బతికినన్ని దినాలూ ఏడ్సుకుంటానే తిరిగినాడనుకున్న్యారా?" అన్నాను.

అతనికి తెలుగు అర్థమైందో లేదో, తల మాత్రం ఊపాడు. పెద్దవాళ్ళ పద్ధతే అంత, తల ఊపి తమ పని తాము చేసుకుంటారు.

దారి చూపించింది మేకప్పు గంగాధర. అరవై దాటిన మనిషి, హిందూపురం వైపు వాడు, సినిమాల్లోనే జుట్టు నెరిసింది. రోజూ పొద్దున మధుకుమార్ పళ్ళకు గోధుమరంగు పూస్తూ తనలో తాను గొణుక్కునేవాడు, నవ్వని పళ్ళకు ఇంత రంగెందుకని. ఆ రోజు నేనూ అదే మాట అన్నాను. అప్పుడు చెప్పాడు.

"ఒగ తూరి నవ్వుతాడులేమ్మా. శవం సీను తీసినాక."

సినిమాల్లో అది ఒక ఆనవాయితీ అట. శవంగా పడుకున్న వాడు, కట్ చెప్పగానే లేచి, కెమెరా నడుస్తూ ఉండగానే దాన్ని చూసి నవ్వాలి. నవ్వకపోతే కీడు. ఎంత పెద్ద హీరో అయినా, దేవుణ్ణి నమ్మనివాడైనా తప్పదు. ఆ ముక్క సినిమాలో ఉండదు, తరువాత కోసి పారేస్తారు.

ఓబులేశు యూనిఫాంలో, ఓబులేశు పళ్ళతో, ఆ మనిషి లేచి కెమెరా ముందు నవ్వుతాడు. ఎవరికీ అక్కర్లేని ఆ ముక్క నాకు ఇస్తే చాలు. ఫోన్లో పెట్టుకుని చచ్చేదాకా చూసుకుంటాను. నాకు కావలసింది సినిమా కాదు, ఆ ముక్క.

ఆ సాయంత్రమే అడిగాను. మధుకుమార్ కళ్ళు మెరిశాయి. ఆ ముక్క నాకు ఇచ్చేలా గోపికృష్ణను ఒప్పిస్తానన్నాడు. ఒప్పించాడు కూడా. ఆ తరువాత వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఎట్లా నవ్వేటోడో చెప్పక్కా."

నడక చెప్పొచ్చు, నిలబడే తీరు చెప్పొచ్చు. నవ్వు ఎలా చెప్పేది? కుడి పక్క మూతి ముందు కదులుతుందన్నాను. కాదు, ముందు కండ్లు మూతపడతాయని మా అత్త. మేమిద్దరం ఆ పిల్లాడి ముందే వాదులాడుకున్నాం. చివరికి విసుగొచ్చి, ఇదిగో ఇట్లా అని నేనే తల వెనక్కి వేశాను. మూడేళ్ళుగా నవ్వని దాన్ని, లోపలి నుంచి ఎలా వచ్చిందో వచ్చింది. వాడి నవ్వు, నా గొంతులో. మా అత్త గోడ పట్టుకుని కూర్చుండిపోయింది.

"ఇంగోతూరి నవ్వు మే," అంది.

మళ్ళీ నాకు రాలేదు. వచ్చినా ఏం లాభం? చప్పుడు నాది, ముఖం కూడా నాదే. నాకు వాడి ముఖం కావాలి. మధుకుమార్ మాత్రం కళ్ళు మూసుకుని కాసేపు కూర్చుని, "దొరికిందక్కా" అన్నాడు. చేసి చూపించమంటే చూపించలేదు. ఇప్పుడు చేస్తే అయిపోతుంది, ఆ రోజుకు దాచుకుంటానన్నాడు. దాచుకోమన్నాను.

శవం సీను తీసే రోజు ఇంకా ఎండ పైకి రాలేదు. పొద్దున్నే ప్లేట్లు కడగడానికి వచ్చిన వాళ్ళు ఓబులేశును చూసింది ఆ వేళలోనే, అందుకని అప్పుడే తీయాలన్నాడు గోపికృష్ణ. నేను బయలుదేరుతూ మా అత్తను రమ్మన్నాను.

"నేల మీద పండుకోనుండేది నేను సూడలేను. ఒగతూరి సూసింది సాలు," అంది. "నవ్వేది మాత్రం ఫోన్లో పట్టుకోని రా. ఈడ్నే కూసోనుంటా."

అక్కడ వ్యానులో గంగాధర పళ్ళకు రంగు వేస్తున్నాడు. మధుకుమార్ ఫోను పక్కన పెట్టి ఉంది, స్పీకరులో బెంగుళూరు నుంచి వాళ్ళమ్మ.

"లేసినంక నవ్వేది మర్సిపోవద్దు కన్నా. నువ్వు నవ్వినానని ఫోన్ చేసేదాకా నేను నీళ్ళు గూడా ముట్టను."

"సరేమ్మా, సరే," అని పెట్టేసి, నా వైపు చూసి కన్ను గీటాడు. "ఈ రోజు నాది కాదు, ఓబులేశన్న నవ్వు. అక్కకు మాటిచ్చినాను."

గంగాధర చేతిలోని బ్రష్షు ఆగిపోయింది. మా ఏర్పాటు అతనికి తెలియదు. అతను నా వైపు తిరిగాడు.

"ఏందమ్మా ఇది? ఆ నవ్వెందుకో తెలుసునా నీకు? సచ్చింది నేను గాదు, ఉత్త యేసమని సెప్పేకి. లేసినోడు వాని నవ్వే నవ్వల్ల. సచ్చినోని నవ్వు నవ్వితే, మల్ల లేసిందెవురు?"

"అవన్నీ నేను నమ్మను గంగన్నా, పూయి," అన్నాడు మధుకుమార్.

గంగాధర పూశాడు. ఆ పిల్లాడి అమ్మ నీళ్ళు తాగకపోతే నాకేం అనుకున్నాను. ఒక పూట నీళ్ళు లేకపోతే ఎవరూ చావరు. మూడేళ్ళుగా నేనేం తాగి బతుకుతున్నానో ఎవరైనా అడిగారా? ఒక్క నవ్వు. ఎవరి సొమ్మూ కాదు, నా మొగుడిది. నేను అడుగుతున్నది అంతే. ఇవన్నీ నేను నమ్ముతానా అంటే చెప్పలేను. నేను మొక్కిన దేవుళ్ళెవరూ ఓబులేశు పోయిన రోజు డ్యూటీలో లేరు. కానీ నమ్మకుండా ఉండటానికీ ఒక ధైర్యం కావాలి. నా దగ్గర ఆ ధైర్యం మిగల్లేదు.

అసలు చోటులో తీయడానికి కంపెనీ ఒప్పుకోలేదు, వేరే వరుసలో తీశారు. వరుసలన్నీ ఒకటే తీరు కదా, తేడా ఏముంది? ప్లేట్ల నీడలో మధుకుమార్ పక్కకు ఒరిగి పడుకున్నాడు. ఒక చెయ్యి ఒంటి కింద ఇరుక్కుంది. ఆ చెయ్యి సంగతి నేను చెప్పలేదు, పోలీసుల కాగితాల్లో చదువుకున్నాడేమో. కడిగే వాళ్ళ వేషంలో ఉన్న వాళ్ళు బకెట్లతో వచ్చారు, చూశారు, ఒకామె కేక వేసింది. నేను నిలబడ్డ చోటే చెంగు నోట్లో కుక్కుకున్నాను. అక్కడ పడి ఉన్నది నా మొగుడు. సినిమా అని తెలుసు, అయినా వాడే.

"కట్," అన్నాడు గోపికృష్ణ. "కెమెరా ఆపొద్దు."

అందరూ నవ్వు కోసం చూస్తున్నారు. అతను వెంటనే లేవలేదు. ఆ మనిషిలోంచి బయటికి రావడం కష్టంగా ఉన్నట్టు అలాగే పడి ఉన్నాడు. తరువాత కళ్ళు తెరిచాడు. చేతి మీద ఆనుకుని లేచి కూర్చుని, కెమెరాను కాదు, నన్ను వెతుక్కున్నాడు. కుడి పక్క మూతి కదిలింది. కళ్ళు చిన్నవయ్యాయి. తల వెనక్కి వాలుతోంది. పెదవుల మధ్య గారపళ్ళు కనపడ్డాయి.

వాడే! దేవుడా, వాడే. నా మొగుడు నవ్వబోతున్నాడు. ఇంకొక్క క్షణం ఆగితే చాలు.

గంగాధర అడిగిన మాట అప్పుడు నా నెత్తిన పడింది. మరి లేచిందెవరు? ఆ పడుకున్న చోటు నుంచి నా ఓబులేశు నవ్వుతూ లేస్తే, బెంగుళూరులో ఈ పిల్లాడి అమ్మ ఎవరి ఫోను కోసం కూర్చోవాలి?

"వద్దు!" అని అరిచాను.

ఎవరో నన్ను పట్టుకోబోయారు. విదిలించుకుని కెమెరా ముందుకు వెళ్ళిపోయాను. అతని ముందు కూలబడ్డాను. అతని ముఖం ఇంకా నా మొగుడి ముఖంలాగే ఉంది, సగం నవ్వుతో ఆగిపోయి ఉంది. ఎంత ఆశగా ఉందో చెప్పలేను, ఆ సగం పూర్తి చేయమని కాళ్ళు పట్టుకోవాలనిపించింది. పక్కనున్న బకెట్లో చెంగు తడుపుకుని అతని గడ్డం పట్టుకుని పళ్ళు తుడవడం మొదలుపెట్టాను. రంగు ఒక పట్టాన వదల్లేదు. గట్టిగా తుడిచాను. చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని కూర్చున్నాడు.

"అక్కా, దొరికింది గదక్కా, వస్తా ఉండె..." అన్నాడు.

"తెలుసప్పా. సూసినా. నీ నవ్వు నవ్వు. మీయమ్మ నీళ్ళు తాగకుండా కాసుకోనుండాది."

అతని కళ్ళలోంచి నీళ్ళు కారాయి. తరువాత నవ్వాడు. తెల్లటి పళ్ళతో, ఎక్కిళ్ళు పెట్టినట్టు, బెంగుళూరు పిల్లాడి నవ్వు. అందులో నా మొగుడు ఇంత కూడా లేడు. అందరూ చప్పట్లు కొట్టారు. గంగాధర చేతులెత్తి దండం పెట్టాడు. ఆ పిల్లాడు మట్టి దులుపుకుని లేచి నిలబడ్డాడు, వాళ్ళమ్మకు ఫోన్ చేయడానికి పక్కకు వెళ్ళాడు. నేను అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చాను. మంచిపని చేశానన్న తృప్తి ఏమీ కలగలేదు. ఇంకొక్క క్షణం ఆగి ఉంటే చూసేదాన్ని కదా అన్న ఏడుపే. ఆ ఏడుపు ఇప్పటికీ ఉంది.

ఇంటికి వచ్చేసరికి మా అత్త గుమ్మంలోనే కూర్చుని ఉంది. తల దువ్వుకుంది. ఫోన్లో బాగా కనపడాలని కళ్ళద్దాలు పెట్టుకుంది. నన్ను చూడగానే చెయ్యి చాపింది.

"యాడే, సూపీ."

"లేదత్తా. వాడు నవ్వబోయినాడు. నేనే వద్దన్న్యా."

జరిగినదంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా పడదామనుకున్నాను. ఆమె కళ్ళద్దాలు తీసి, చీర కొంగుతో చాలాసేపు తుడుచుకుంది.

"ఆ పిల్లోడు వాయమ్మకు ఫోన్ సేసినాడా?"

"సేసినాడు."

"వాయమ్మ నీళ్ళు తాగిందంటనా?"

"తాగిందంట అత్తా."

మా అత్త సందు మలుపు వైపు చూసింది.

"తాగనీ పాపం," అంది. "నాకూ ఇన్ని నీళ్ళియ్యి మే. ఓబులేశు నవ్వుతాడంటివే, సూసినంక తాగుదామని పొద్దన్నుంచి నేనూ ముట్టలే."

నేను లోపలికి వెళ్ళి నీళ్ళు ముంచుకొచ్చాను.